సాలెహా ఆపాకు లేని జబ్బు

మెదక్ పట్టణంలో సగం మంది ఆడవాళ్ల నడుము కొలత సాలెహా ఆపాకు నోటికి వచ్చు. ఆమెకు వచ్చిందంటే ఖిల్లా కింద గల్లీకంతా వచ్చినట్టే. టేపు చుట్టి, కొస చూసి, "ముప్పై ఆరు!" అని కేక పెడుతుంది. దుకాణం మూలన కూర్చుని చీరలకు ఫాల్ కుట్టే గోదావరి ఆ కేక విని గుర్తుపెట్టుకోవాలి. అదీ వాళ్ల పద్ధతి. నిజానికి గోదావరి నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది, చెవులు కూడా చురుకే. కానీ ఆపా గొంతుకు గుసగుస అనేది రాదు. కిందటి డిసెంబరులో నన్ను కొలిచి, "ఫేబమ్మా, పోయిన క్రిస్మస్‌కు ముప్పై రెండు, గిప్పుడు ముప్పై అయిదు. కేకులన్ని నువ్వే తిన్నవా, ఎవరికన్న పెట్టినవా?" అంది. బయట స్కూటరు మీద కూర్చున్న మా ఆయన ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

మిగతా దర్జీలు ఆది జాకెట్టు తెమ్మంటారు. పాతది చూసి కొత్తది కుట్టేస్తారు, ఇద్దరికీ పని తేలిక. ఆపా దగ్గర ఆ పప్పులుడకవు. "గుడ్డను చూసి గుడ్డ కుడ్తనా? మనిషిని చూసి కుడ్త. నిరుడున్నట్టు ఈ ఏడు ఉంటదా మనిషి?" అని ఆది బట్టను పక్కన పడేసి, మనిషిని తెర వెనక్కి తీసుకుపోతుంది. ఆ తెర ఒకప్పటి ఆకుపచ్చ దుప్పటి. దాని వెనక ఒక నిలువుటద్దం, ఒక స్టూలు, మేకుకు వేలాడే టేపు ఉంటాయి. కొలతలు తీయడం ఎంతసేపు పని? ఆపాకు మాత్రం చాలాసేపు పడుతుంది. ఎవరికి సంబంధం కుదిరింది, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, ఎవరు కుల్చారంలో భూమి కొన్నారు, అన్నీ ఆ దుప్పటి వెనక తేలి, దుప్పటి ముందుకు వచ్చి, సాయంత్రానికి గల్లీ దాటుతాయి.

ఆపాది టేక్మాల్. పెళ్లయి మెదక్ వచ్చినప్పుడు ఆమె భర్త హకీం సాబ్ ఇదే దుకాణంలో మగవాళ్ల ప్యాంట్లు కుట్టేవాడు. ఆయన నోరు తెరవడం చూసినవాళ్లు తక్కువ. ఇద్దరి వాటా మాటలూ ఆమె ఒక్కతే మాట్లాడి అలవాటు పడిపోయింది. ఆయన పోయాక బోర్డు మీద 'జెంట్స్' అన్నచోట రంగు పూయించి, 'లేడీస్' అని రాయించి, అదే మిషను ముందు కూర్చుంది. కొడుకులను చదివించింది, పెళ్లిళ్లు చేసింది. రంజాన్‌కు ఆమె చేతి బట్టలే కావాలి, బతుకమ్మకు ఆమె చేతి జాకెట్లే కావాలి. ఈస్టరుకు మా చర్చిలో పాటలు పాడే క్వయర్ ఆడవాళ్ల తెల్ల జాకెట్లు కూడా ఆమే కుడుతుంది.

నేనెవరినో కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథలో నాకేం పని అని అడుగుతారు. నా పేరు ఫేబ. చర్చి వెనక మా ఇల్లు. సర్కారు దవాఖానలో ఎదిగే వయసు పిల్లలకు ఆరోగ్య సలహాలు చెప్పే కౌన్సిలర్‌ని. అంటే అమ్మతో కూడా అనలేని మాటలు పిల్లలు నా దగ్గరికొచ్చి అనాలి. నెలసరి గురించి, ఒంట్లో రక్తం తగ్గడం గురించి, శరీరంలో వచ్చే మార్పుల గురించి, తొందరపడి చేసే పెళ్లిళ్ల గురించి. పిల్లలు సిగ్గుపడకుండా రాగలిగే చోటుండాలని ట్రైనింగ్‌లో మొదటి రోజే చెప్పారు. తీరా నాకు దొరికిన గది ఓపీ చీట్లు రాసే కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంది. ముందు పొడవాటి బెంచీ. ఆ బెంచీ మీద పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా సగం ఊరు కూర్చునుంటుంది. తలుపు మీద గులాబీ రంగు బోర్డు, గేటు దగ్గర్నుంచే చదవొచ్చు. ఏ పిల్లయినా ఆ తలుపు తోస్తే చాలు, ఇంటికి చేరేలోపే వాళ్లమ్మకు "మీ బిడ్డకేమైంది?" అని ఫోన్లు. నేను ఈగలు తోలుకుంటూ కూర్చునేదాన్ని.

బడులకు వెళ్లి కూడా చెప్పేదాన్ని. గోడ మీద బొమ్మలు చూపించి, గొంతు పోయేలా వివరించి, "డౌట్లుంటే అడగండ్రి" అంటే అందరూ చెప్పుల వైపు చూసేవాళ్లు. ఒకసారి వెనక బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తింది. నా ప్రాణం లేచొచ్చింది. "మేడం, మీ జాకెట్ ఏడ కుట్టిచ్చుకున్నరు?" అని అడిగింది. సాలెహా ఆపా దగ్గర అని చెప్పి, బొమ్మలు చుట్టుకుని వచ్చేశాను.

ఈ ఏడాది రంజాన్ నెలా, మా శ్రమల కాలమూ కలిసి వచ్చాయి. వాళ్లకు రోజాలు, పొద్దంతా నీళ్లైనా ముట్టని ఉపవాసాలు. మాకు ఈస్టరు దాకా ఇష్టమైనదేదో ఒకటి మానుకునే మొక్కు. నేను చాయ్ మానేశాను. చెప్పుకోకపోతే నిలబడనేమోనని క్వయర్‌లో అందరికీ చెప్పి మరీ మానేశాను. ఆ రోజుల్లో ఒక సాయంత్రం తెల్ల జాకెట్ల కోసం దుకాణానికి పోయేసరికి అఫ్షా తెర వెనక ఉంది.

అఫ్షా రుక్సానా కూతురు. పదిహేడేళ్లు, ఇంటర్ చదువుతోంది. తండ్రి గాజులు పట్టుకుని నిజాంపేట వైపు సంతలు తిరుగుతాడు. వాళ్ల ఇల్లు గల్లీ పై కొసన, ఖిల్లాకు ఎక్కే ఎత్తు మీద ఉంటుంది. ఈద్ బట్టల కోసం వచ్చింది పిల్ల. ఆపా టేపు చుట్టింది. కేక రాలేదు. గోదావరి సూది ఆపి తలెత్తింది. చివరికి కేక వచ్చింది గానీ అందులో కొలత లేదు.

"ఏందే పిల్లా, నీ నడుము ఏడ వోయిందే?"

అఫ్షా నల్ల సల్వార్ కావాలంది. పండుగ పూట నల్లదేంటి, గులాబీ రంగుది వేసుకొమ్మని ఆపా ఎంత బతిమాలినా నల్లదే అంది. దుకాణం మెట్టు దిగేటప్పుడు తలుపు పట్టుకుని కాసేపు నిలబడి, అప్పుడు కదిలింది.

పిల్ల మలుపు తిరగగానే ఆపా టేపు మెడలో వేసుకుని తేల్చేసింది. "ఇష్క్!"

"ఏంది ఆపా?" అన్నాను.

"ఇష్క్ ఫేబమ్మా, ప్రేమ. నడుము చిక్కింది. మొఖంల నెత్తురు సుక్క లేదు. పండుగకు నల్ల బట్టలు అడుగుతున్నది. మాట లేదు, ముచ్చట లేదు. ఇన్నేండ్ల సంది ఆడపిల్లల కొలతలు తీస్తున్న, నాకు తెల్వదా? గంతే గాదు. కాలేజీకెళ్లి వచ్చేటప్పుడు రోజు గా షారూఖ్ దుకాణం కాడ ఆగుతది. వాడు కుర్సీ వేస్తడు, ఈమె కూసుంటది. నా కండ్లతోని చూసిన."

షారూఖ్‌ది ఎదురు వరసలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. తలెత్తడానికి తీరిక లేని పిల్లాడు. నాకెందుకో ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. "ఒకపారి రక్త పరీక్ష చేయించుకొమ్మను ఆపా, పిల్ల తెల్లగ పాలిపోయింది" అన్నాను.

"ఇష్క్‌కు రక్త పరీక్ష ఏందమ్మా?" అని ఆపా నన్ను తీసిపారేసింది.

ఆ తర్వాత ఆ సంగతి బట్టలకొచ్చిన ఒకామె చెవిలో చెప్పింది. ఆపా చెవిలో చెబితే రాందాస్ చౌరస్తా దాకా వినిపిస్తుంది. రెండు రోజులు తిరిగేసరికి తిరిగి తిరిగి రుక్సానా ఇంటికే చేరింది. రుక్సానా చెడ్డ మనిషి కాదు, భయస్తురాలు. భయపడ్డ మనిషి ఏం చేస్తుందో అదే చేసింది. కూతురి ఫోన్ లాక్కుంది, కాలేజీ మాన్పించింది, ఈద్ దాటగానే సంబంధం చూస్తానంది. పరీక్షలు నెత్తి మీదున్నాయని పిల్ల ఏడ్చినా వినలేదు.

ఇదంతా ఆపాకు ఘనకార్యంలాగే అనిపించింది. ఒక ఇంటి పరువు కాపాడాననుకుంది. మిగిలిన పని కూడా పూర్తి చేద్దామని, చెడిపోని ఫోన్‌ను చెడిపోయిందని చెప్పి షారూఖ్‌ను దుకాణానికి పిలిపించి దులిపేసింది. వాడు అన్నీ విని, ఆపా ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు చెప్పాడు. గల్లీ పిల్లలకు ఆపా ఖాలా, అంటే పిన్నమ్మ.

"ఖాలా, ఆ పిల్ల నన్ను అడిగింది కుర్సీ. కండ్లు తిరుగుతున్నయ్ అంటది. గల్లీ ఎక్కలేక సగంల ఆగుతది. నీళ్లు ఇయ్యబోతే రోజా ఉన్న అంటది. నా నంబర్ ఎన్నడు అడగలే. నేను గూడ అడగలే. మా అమ్మ తోడు."

ఆపా ఆ రోజు మిషను మూసేసి, నేరుగా దవాఖానకు వచ్చి నా గది తలుపు తోసింది. ఆ వారంలో నా గదికి వచ్చిన మొదటి మనిషి. కుర్చీలో కూర్చుని మెడలోని టేపు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నా నోరు గా పిల్లను ఇంట్ల కూసోబెట్టింది ఫేబమ్మా. పిల్లకు పానం బాగలేదు. నేను గా ఇష్కు గీ ఇష్కు అని వదరిన. నడువ్, పోదాం."

ఈద్ బట్టలకు మళ్లీ కొలత కావాలన్న సాకుతో ఇద్దరం రుక్సానా ఇంటికి పోయాం. రుక్సానా ముఖం చిట్లించుకుంది గానీ దర్జీని వద్దనలేదు. లోపలి గదిలో తలుపు దగ్గరికి వేసి, ఆపా టేపు తీసి నిలబడింది. అలవాటు కొద్దీ అఫ్షా చేతులు పైకెత్తింది. ఎత్తిన చేతులు అలాగే ఉంచి ఏడవడం మొదలుపెట్టింది.

నాలుగు నెలలుగా నెలసరి వస్తే ఆగడం లేదట. పది రోజులు, పన్నెండు రోజులు, ఒక్కోసారి మధ్యలో రెండు రోజులు ఆగి మళ్లీ. మరకలు కనపడతాయని నల్ల సల్వార్లు. నెలసరి రోజుల్లో రోజా ఉండకూడదు. కానీ ఇన్ని రోజులు రోజా మానేస్తే అమ్మ ఎందుకని అడుగుతుందేమోనని, అందరితో పాటు తెల్లవారకముందే సహరీ తినడానికి లేచి, రోజాలన్నీ ఉంటోంది. తనకేదో పెద్ద జబ్బు వచ్చిందని, పెళ్లి కాని పిల్లకు అలాంటిది వచ్చిందంటే తన తప్పేదో ఉందనుకుంటారని భయం. "మేడం, నేనేం తప్పు చెయ్యలే" అని నన్ను పట్టుకుని అంది. పోస్టర్లలో నేను చూపించే పిల్లలంతా నవ్వుతూ ఉంటారు. నాకు ఆ పోస్టర్ల మీద కోపం వచ్చింది.

"నీ తప్పేం లేదు బిడ్డా. గీ వయసుల చానా మందికి ఇట్లైతది. మందులున్నయ్, తగ్గుతది. కాని నెత్తురు గింత పోతే గుండె మీద పడ్తది. రేపే చూపియ్యాలె" అన్నాను.

ఆపా టేపు చుట్టగా చుడుతూ, "బీమారోళ్లకు ఖుదా రోజా మాఫ్ చేసిండు. గాయన ఇచ్చిన మాఫీ వాపస్ ఇయ్యనీకి నువ్వెవరివే?" అని తిట్టి, ఓణీతో ఆ పిల్ల ముఖం తుడిచింది.

రుక్సానాను లోపలికి పిలిచి చెప్పాం. వాళ్లిద్దరూ కాసేపు ఉర్దూలో గట్టిగా మాట్లాడుకుని, నేనున్నానని గుర్తొచ్చి తెలుగులోకి దిగారు. రుక్సానా కూతురిని పొదువుకుని ఏడ్చింది గానీ దవాఖానకు మాత్రం ససేమిరా అంది. "పెండ్లి గాని పిల్లను ఆడోళ్ల డాక్టర్ కాడ చూస్తే ఏమంటరు ఆపా? ఇప్పటికే నువ్వు అనిపిచ్చినయ్ సాలలేదా?"

ఆపా కిటికీలోంచి గల్లీ వైపు చూస్తూ నిలబడింది. తర్వాత టేపు సంచిలో పడేసి, "పేషంటు నేను" అంది.

"ఏంది?"

"రేపు దవాఖానకు పోయేది నేను. బీమారి నాది. ఇంగ్లీషు చదువనీకి తోడుగ నీ బిడ్డను తీస్కపోత. బెంచీ మీద నేను కూసుంట. అడిగినోళ్లకు నేను చెప్త. గీ గల్లీల నా లెక్క చెప్పేటోళ్లు ఇంకెవరున్నరు చెప్పు?"

రుక్సానా తల ఊపింది.

మర్నాడు ఆపా బురఖా వేసుకుని, సంచి పట్టుకుని, మూలుగుతూ వచ్చింది. ఆ మూలుగు గేటు దగ్గర్నుంచే వినిపించింది. అందరూ తన వైపే చూస్తుండగా అఫ్షాను నా గదిలోకి పంపించి, తను బెంచీ నడుమ కూర్చుంది. నా గదికి లోపలి నుంచి డాక్టరమ్మ గదికి తలుపుంది. అఫ్షాను అటు తీసుకుపోయి, మళ్లీ వచ్చి నా తలుపు దగ్గర నిలబడ్డాను. బీపీ గోళీల కోసం వచ్చిన సౌభాగ్యమ్మ అప్పటికే ఆపా పక్కకు జరిగింది. సౌభాగ్యమ్మది చౌరస్తా దగ్గర ఇల్లు. ఆమెకు ఒక మాట చెబితే ఊరికి వేరే చెప్పనక్కర్లేదు.

"నువ్వేంది ఆపా గీడ?"

"ఏం జెప్పాలె సౌభాగ్యమ్మా. నెలసరి ఆగుతలేదు. గీ వయసుల ఇగ బందైతదనుకుంటి, అది నన్నే బంద్ చేసెటట్టున్నది. గల్లీ ఎక్కుతుంటే కండ్లు తిరుగుతున్నయ్. నల్ల బట్టలు తప్ప కట్టుకోనీకి ధైర్యం లేదు."

అఫ్షా చెప్పిన బాధలన్నీ ఒక్కటి వదలకుండా తనవిగా చెప్పింది. మధ్యలో తన సొంత కల్పన కూడా కాస్త కలిపింది. బెంచీ ఆ కొస నుంచి ఈ కొస దాకా అందరూ విన్నారు. ఒకామె దానిమ్మ తొక్కల కషాయం తాగమంది, ఇంకొకామె మెంతులు నానబెట్టమంది. నా తలుపు వైపు ఎవరూ చూడలేదు. ఇన్నాళ్లలో ఆ బెంచీ నా తలుపును మరిచిపోవడం అదే మొదటిసారి.

అంతా బాగానే నడుస్తుండగా సౌభాగ్యమ్మ జాలిపడి క్యాంటీన్ నుంచి చాయ్ తెచ్చింది. "నెలసరి అంటున్నవ్ గద, రోజా ఉండవు. జర తాగు ఆపా, మొఖం పీక్కపోయింది."

ఆపా రోజా ఉంది. రంజాన్ రోజాలు పట్టుదలగా ఉండే మనిషని ఊరంతటికీ తెలుసు. తాగితే రోజా పోతుంది. తాగకపోతే అబద్ధం బయటపడుతుంది, సౌభాగ్యమ్మ కళ్లు నేరుగా నా తలుపు మీదికి వస్తాయి. ఆపా గ్లాసు అందుకుంది. నోటి దాకా తెచ్చింది. తెచ్చి, "అసలు ఇది ఎట్ల మొదలైందో తెల్సా సౌభాగ్యమ్మా" అని మాట్లాడడం మొదలుపెట్టింది. టేక్మాల్‌లో తన చిన్నతనం నుంచి ఎత్తుకుంది. గ్లాసు పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది, మాట మాత్రం ఆగదు. చాయ్ మీద మీగడ కట్టింది. హకీం సాబ్‌తో పెళ్లి దాకా వచ్చేసరికి లోపలి నుంచి నర్సు పిలిచింది. ఆపా గ్లాసుతో సహా నా గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"తాగు" అని గ్లాసు నాకు అందించింది.

"ఆపా, ఈస్టర్ దాక నాకు చాయ్ బంద్. మొక్కుకున్న."

"నీది మొక్కు. నాది రోజా. బయట సౌభాగ్యమ్మ ఖాళీ గ్లాసు కోసం చూస్తున్నది. తాగమ్మా."

తాగాను. చల్లారి, మీగడ కట్టి, మూడు చెంచాల చక్కెరతో అంత దరిద్రమైన చాయ్ నేనెప్పుడూ తాగలేదు. మొక్కు తప్పినట్టు కాకుండా అదే శిక్ష అని లెక్కేసుకున్నాను. ఆపా ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడి, "రోజా ఉండి గన్ని అబద్ధాలాడితి ఫేబమ్మా. ఖుదా ఏమంటడో" అంది. కళ్లలో నీళ్లున్నాయి. ఎప్పుడూ ఆమెను చూస్తే నవ్వొచ్చే నాకు అప్పుడు నవ్వు రాలేదు.

అఫ్షా ఒంట్లో రక్తం ఏడు పాయింట్లు దాటలేదు, పన్నెండన్నా ఉండాలి. థైరాయిడ్ తేడా వల్ల నెలసరి అలా అవుతోందని పరీక్షల్లో తేలింది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ప్రాణం మీదికొచ్చేదని డాక్టరమ్మ చెప్పింది. రక్తస్రావం ఆగడానికి గోళీలు, థైరాయిడ్‌కు రోజుకొక చిన్న గోళీ, సెలైన్‌లో ఎక్కించే ఐరన్ రాసింది. ఐరన్ కోసం రెండు వారాలు విడతలు విడతలుగా రావాల్సి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆపా బెంచీ మీద కూర్చుని తన జబ్బు కథకు కొత్త భాగం చేర్చేది. అఫ్షా పరీక్షలు రాసింది. రుక్సానా సంబంధాల మాట ఎత్తలేదు.

జబ్బు మాత్రం ఆపాకు అంటుకుంది. ఈద్ నాడు ఆమె ఇంటికి గిన్నెలకు గిన్నెలు షీర్ ఖుర్మా పాయసం వచ్చింది, ఒంటికి బలమని. గోదావరి రోజూ రాగిజావ కాచి తెచ్చేది. ఊళ్లో కథ కూడా ఏపుగా పెరిగింది. మొదట గర్భసంచిలో గడ్డ అన్నారు, తర్వాత గర్భసంచే తీసేస్తారన్నారు, ఆ తర్వాత గొంతు తగ్గించి ఇంకేదో అన్నారు. దానితో ఇంకో కష్టం వచ్చిపడింది. "పాపం, పానం బాగలేని మనిషికి శ్రమెందుకు" అని ఆడవాళ్లు బట్టలు చౌరస్తాలోని కొత్త బొటిక్‌కు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆపా మిషను మధ్యాహ్నాలు ఊరికే ఉండేది.

"చెప్పేస్తే పాయె గద ఆపా, నీకేం లేదని" అన్నాను ఒకసారి.

"నాకు లేదంటే మల్ల ఎవరికున్నదని అడుగుతరు. నా ముచ్చటైతే చెప్పుదును. గది నాది గాదు గద" అంది, దారం ఎక్కిస్తూ.

ఇంకొక మార్పు కూడా వచ్చింది. ఆపా ఆడపిల్లల కొలతలు కేక పెట్టడం మానేసింది. తెర వెనక నుంచి మెల్లగా చెబుతుంది, ఆమె మెల్లగా అంటే మనం మామూలుగా మాట్లాడేంత. గోదావరి ప్రతిసారీ లేచి వెళ్లి వినాల్సి వచ్చి విసుక్కునేది. తెర ముందు మాత్రం ఆడవాళ్లు ఆపా జబ్బును పలకరించడానికి వచ్చి తమ జబ్బులు చెప్పుకుని పోయేవాళ్లు. "నాకు గూడ గట్లనే ఆపా" అని ఒకామె అంటే, తెర వెనక కొలతకు నిలబడ్డ పిల్ల వినేది. తర్వాత మెల్లగా ఆపాను అడిగేది. ఆపా ఆ పిల్ల చేతిలో ఒక కవరు పెట్టి, "ఫేబమ్మకు జాకెట్ ఇచ్చి రాపో" అని దవాఖానకు పంపేది. జాకెట్ పట్టుకొచ్చే పిల్లను బెంచీ ఏమీ అడగదు. నా గదిలో జాకెట్లు గుట్ట పడ్డాయి, అందులో ఒక్కటీ నాది కాదు. పై ఆఫీసు నుంచి వచ్చిన సారు చూసి, "ఇది కౌన్సిలింగ్ సెంటరా, టైలర్ షాపా?" అని అడిగాడు. కుర్చీ మీది జాకెట్లు తీసి ఆయన్ని కూర్చోబెట్టాను.

బక్రీద్‌కు ముందు ఒకరోజు నేను దుకాణంలో ఉన్నాను. రుక్సానా కూతురిని తీసుకుని కొత్త బట్టలకు వచ్చింది. అఫ్షా తెర వెనక ఉంది, ఆపా టేపు వెతుకుతోంది. అంతలో సౌభాగ్యమ్మ దానిమ్మపండ్ల సంచితో వచ్చింది. సంచి స్టూలు మీద పెట్టి, కుట్టడానికి ఇచ్చిన తన జాకెట్ గుడ్డను గుట్టలోంచి లాగి చంకలో పెట్టుకుంది.

"నీకెందుకు ఆపా శ్రమ, వేరే ఏడనన్న ఇస్త. ఆపరేషన్ ఎప్పుడన్నరు?"

ఆపా ఆ గుడ్డ వైపు చూసింది. "చూద్దాం సౌభాగ్యమ్మా" అంది.

తెర పక్కకు జరిగింది. అఫ్షా బయటికొచ్చి నిలబడింది. "పెద్దమ్మా, ఖాలాకు ఏ బీమారి లేదు. గది నాది. నెలసరి ఆగకుండ నెత్తురు పోయింది నాకు. ఖాలా నా కోసం బెంచీ మీద కూసున్నది. గోళీలు వేస్కుంటున్న, తగ్గింది."

గోదావరి చేతిలో సూది ఆగింది. అందరూ రుక్సానా వైపు చూశారు. ఇన్ని నెలలుగా ఆమె భయపడింది ఈ చూపులకే. బురఖా అంచు పిడికిట్లో నలుపుతూ, ఒకసారి గల్లీలోకి చూసి, తర్వాత కూతురిని చూసింది.

"ఔ. మా బిడ్డదే" అంది. "నేనే భయపడి దాచిన."

సౌభాగ్యమ్మ చంకలోని జాకెట్ గుడ్డ తీసి, ఉన్నచోటే గుట్ట మీద పెట్టి, దానిమ్మపండ్ల సంచి వైపు చూసింది.

"చూస్తవేంది? తెచ్చినయ్ మల్ల తీస్కపోతవా?" అని ఆపా సంచి లాక్కుంది. "గీడ పెట్టు, పిల్ల తింటది. ఇన్నొద్దులు కష్టపడి పెంచిన బీమారి, ఒక్క మాటతోని గుంజుకున్నది నా కాడికెల్లి." తిడుతూనే టేపు దొరికిన చోటి నుంచి లాగి అఫ్షా నడుముకు చుట్టింది. చుట్టి, కొస చూసి, ఆ పిల్ల చెవి దగ్గర ఏదో అంది.

"గోదావరక్కకు ఇనపడలే ఖాలా. గట్టిగ చెప్పు" అంది అఫ్షా.

ఆపా రుక్సానా వైపు చూసింది. రుక్సానా తల ఊపింది.

"ఇరవై ఎనిమిది!" అని ఆపా కేక పెట్టింది. రంజాన్ తర్వాత ఆ గొంతు గల్లీలో అలా మోగడం అదే మొదలు. ఎదురు దుకాణంలో షారూఖ్ కూడా తలెత్తి చూశాడు. గోదావరి కూర్చున్న చోటి నుంచి లేవకుండానే సరేనంది.

రుక్సానా కళ్లు తుడుచుకుని మిషను దగ్గరికి వచ్చింది.

"జర లూజు పెట్టు ఆపా" అంది. "ఇంక లావైతది బిడ్డ."